గుట్ట దిగేదాకా

"అవ్వా, తొవ్వ తప్పినమా?"

మనవరాలు అఖిల అడిగింది. సారక్క నాలుగు దిక్కులా చూసింది. తెలిస్తే కదా చెప్పడానికి!

శ్రావణమాసం. రామగిరి ఖిల్లా మీద రాములవారికి మొక్కి దిగుతుంటే వాన పట్టుకుంది. సెంటినరీ కాలనీ నుంచి కలిసి వచ్చిన ఆడవాళ్లంతా కొంగులు నెత్తిన కప్పుకుని గబగబా ముందుకు వెళ్లిపోయారు. అంతలో పిల్ల కాలు బెణికింది. ఎత్తుకుందామంటే సారక్క మోకాళ్లు ఒప్పుకోలేదు. కూర్చుంటూ లేస్తూ నడిచేసరికి అడవిలో ఇద్దరే మిగిలారు.

ఎటు చూసినా చెట్లే. ఏ బాట చూసినా కిందికి దిగేదానిలాగే ఉంది.

"పసిదాన్ని గుట్టకు తీస్కపోకు అత్తా" అని కోడలు జమున చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వింటేనా! ఇప్పుడు పిల్లకేమన్నా అయితే ఆ తల్లికి ఏ ముఖం చూపించాలి?

ఎదుటి పొదలు కదిలాయి.

"అవ్వా, ఎలుగుబంటి!"

"సప్పుడు జెయ్యకు బిడ్డా!"

ఎలుగుబంటి కాదు, మనిషి. మాసిన గడ్డం, నెత్తికి తువ్వాల. మనిషని తెలిశాక సారక్కకు భయం ఇంకాస్త పెరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని కాలనీలో ఒకటే పుకారు మరి.

"గటు పోతే లోయ అక్కా. ఇటు రాండ్రి."

"నువ్వెవలు?"

"గుట్టకొచ్చినోన్నే. పిల్లనియ్యి, ఎత్తుకుంట."

"ఇయ్య. నువ్వు ముందు నడువు. మేం ఎనుక వస్తం."

అతను సరేనని ముందు నడిచాడు. అడుగడుక్కీ ఆగి వెనక్కి చూస్తున్నాడు. ఆ చూపు ఎందుకో అర్థంకాక సారక్క పిల్ల చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

పాచి పట్టిన బండ దగ్గర ఆ పట్టే కొంప ముంచింది. సారక్క కాలు జారింది. ఆమెతోపాటు పిల్లా జారింది. అతను ఒక్క ఉదుటున వచ్చి అడ్డం పడ్డాడు. మోచేయి రాయికి గీరుకుపోయి నెత్తురు కారింది. పిల్లకు మాత్రం గీత కూడా పడలేదు.

అతను అఖిలను భుజాల మీదికి ఎక్కించుకుంటే సారక్క ఈసారి వద్దనలేదు.

బాట కాస్త వెడల్పయింది. కింద బస్సు హారన్ వినిపించింది. భయం తగ్గితే సారక్క నోరు ఊరుకోదు.

"బొగ్గుబాయిల చేస్తవా తమ్మీ?"

"చేసిన. ఇప్పుడు ఇడిసిపెట్టిన."

"మా ఆయన బాయిలనే పాయె. ముత్యం అంటే ఇని ఉంటవు. తెల్లారితే ఇద్దరం ఈ ఖిల్లాకే రావాల్నుండె, నేనే పట్టువట్టిన. ఆయనది ఆ షిఫ్టే గాదు. సదయ్య అనేటోడు డ్యూటీ మార్చుకున్నడు. వాడు ఇంట్ల సల్లగ పండుకున్నడు. ఈయన మీద పైకప్పు కూలింది."

అతను పిల్ల కాళ్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుని నడిచాడు.

"వాని మొకం సూడలే. సావుకొస్తుంటే మా అన్నదమ్ములు గల్లీ మొగదలనే ఆపి ఎల్లగొట్టిండ్రు. పేరొక్కటే ఎరుక. ఏటా రాముని ముంగట నిలవడి వానికి శాపం వెడ్త. ఇయ్యాల గూడ వెట్టిన. నా ఉసురు తాకకపోతదా?"

"తాకుతది అక్కా" అన్నాడతను. "పిల్లకు కొమ్మ తగుల్తది, జర వంగుమను."

గుట్ట దిగారు. ఆడవాళ్లు పరుగున వచ్చి అఖిలను దించుకున్నారు. సారక్కకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"పేరన్న చెప్పు తమ్మీ. వచ్చేయేడు నీ పేరు మీద కొబ్బరికాయ కొడ్త."

"నా పేరు మీద వద్దు తియ్యక్కా" అని నవ్వి, అతను కదులుతున్న మంచిర్యాల బస్సు ఎక్కేశాడు.

అంతకుముందే బస్సు దిగి ఆడవాళ్ల దగ్గర ఆగిపోయిన పక్క క్వార్టర్ రాయమల్లు, ముత్యంతో ఒకే బాయిలో పనిచేసినవాడు, బస్సు మలుపు తిరిగేదాకా అటే చూశాడు.

"నౌకరీ ఇడిసి, క్వార్టర్ ఖాళీ చేసి పోతుండె వదినా. బస్సుల కూసున్నోడు, మీరు కనవడ్తలేరని ఇని దిగి మల్ల గుట్టెక్కిండు. ఇగ ఈ దిక్కు రాడు."

"దేవునసొంటోడు! ఎవలు మరిదీ?"

రాయమల్లు నీళ్లు నమిలాడు.

"సదయ్య."

సారక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాడా! నా మొగున్ని మింగినోని మెడ మీదనా నా పిల్లను కూసోవెట్టిన? వాని వంశం..."

"తిట్టకు వదినా!" రాయమల్లు చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుండు. ఇగ నాతోని గాదు. డ్యూటీ మార్చుమన్నది సదయ్య గాదు. తెల్లారి నిన్ను ఖిల్లాకు తీస్కపోవాలె, డ్యూటీకి సుట్టి దొరుకుతలేదని ముత్యమన్ననే ఆయన్ను బతిమిలాడి మార్చుకుండు. గది తెలిస్తే నిన్ను నువ్వే తిట్టుకుంట బతుకుతవని, గిన్నేండ్లు నీ శాపాలన్ని తన మీదేసుకుండు."