బిడ్డ రొట్టె

"నాకు రంగూనమ్మే జడెయ్యాల!"

ఆరేళ్ల ఖాజాబీ తల్లి చేతిలో దువ్వెన లాక్కుని పక్క గదిలోకి పరిగెత్తింది.

మెహబూబున్నీసాకు ఒళ్లు మండిపోయింది. కన్నది తను. జడ వేసేది ఎక్కడినుంచో వచ్చిన షాజాదీ బేగమా!

కావలిలో వాళ్ల పక్క గదిలో షాజాదీ అద్దెకు దిగి ఏడాదైంది. రంగూన్‌లో మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అక్కడి పాస్‌పోర్టు మీద వచ్చింది. వీసా గడువు తీరిపోతే పొడిగించమని అర్జీ పెట్టుకుంది. జవాబు వచ్చేదాకా వారం వారం పోలీస్ స్టేషన్లో సంతకం పెట్టాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు.

ఆ అర్జీ రాసిపెట్టింది మెహబూబున్నీసా మొగుడు, చాపల కొట్టు మౌలా. వసారాలో ఆమె గుసగుసగా చెబుతుంటే రాశాడు. మెహబూబున్నీసా కాఫీ తీసుకుని రాగానే ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

"ఏం రాసినావు?"

"ఏముండాది, ఊరూ పేరూ."

అబద్ధం. మొగుడి మొహం ఆమెకు తెలియదూ!

మొహర్రం వచ్చింది. నెల్లూరులో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్లు దర్గా చెరువులో నిలబడి రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు.

ఏడేళ్ల కింద బిడ్డ కోసం పోయిన మెహబూబున్నీసా ఆలస్యంగా చేరింది. బిడ్డ రొట్టెలన్నీ అయిపోయాయి. నీళ్లలో నిలబడి ఏడుస్తుంటే, బురఖాలో ఎవరో తల్లి ఒక రొట్టె చేతిలో పెట్టి జనంలో కలిసిపోయింది. ఏడాది తిరక్కుండా ఖాజాబీ పుట్టింది. అప్పటినుంచీ ఏటా పోయి బిడ్డ రొట్టె ఇస్తూనే ఉంది, ఆ తల్లి కోసం వెతుకుతూనే ఉంది.

షాజాదీ గదిలో దిగిన కొత్తల్లో ఈ కథ ఆమెకూ చెప్పింది. ఆమె దిగ్గున లేచి లోపలికి పోయింది.

'అబ్బ, ఎంత కుళ్లు!' అనుకుంది మెహబూబున్నీసా.

ఈసారి పండక్కి కాలు బెణికి తను మంచాన పడింది.

"నీ రొట్టె నేనిచ్చొస్తాలే చెల్లీ," అంది షాజాదీ. "నా అర్జీ కోసం నేనూ ఒక రొట్టె తెచ్చుకోవాల."

"స్టేషన్లో చెప్పినావా?"

"సెలవు రావాలంటే వారం పడతాదంట. పొద్దుగూకే లోపల వచ్చేస్తాంగా."

ఖాజాబీ ఆమె వేలు పట్టుకుంది. మౌలా ముందు నడిచాడు. మంచం మీదనుంచి వాకిట్లోకి చూస్తే ముగ్గురూ ఒక సంసారంలా ఉన్నారు. పైగా తన రొట్టె ఆమె చేతిలో!

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ హజరత్తయ్య వచ్చాడు.

"రంగూనామె ఉందామ్మా? ఒక సంతకం కావాల."

నిద్రపోతోందంటే వెళ్లిపోయేవాడే. స్నానం చేస్తోందన్నా వెళ్లిపోయేవాడే.

"నెల్లూరు పోయుండాది," అంది మెహబూబున్నీసా.

"మాకు చెప్పకుండానా?"

"అదంతా నాకేం తెలుసయ్యా!"

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. చెప్పకుండా ఊరు దాటిందని అర్జీ కొట్టేశారు. మద్రాసులో ఓడెక్కి వెళ్లిపొమ్మన్నారు.

జట్కా ఎక్కబోతూ షాజాదీ ఖాజాబీ తల నిమిరింది.

"ఇంక అమ్మ దగ్గరే జడేయించుకో తల్లీ."

జట్కా మలుపు తిరిగింది. మౌలా అరుగు మీద కూలబడ్డాడు.

"పీడ విరగడైంది," అంది మెహబూబున్నీసా. "ఇప్పుడైనా చెప్పు. ఆ అర్జీలో ఏం రాసినావు?"

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకునింది. చెప్తే బిడ్డ మీద హక్కు అడిగినట్టుంటాదంట."

"ఏ బిడ్డ మీద?"

"ఈ దేశంలో ఎందుకుండాలో రాయమన్నారు. ఆమె చెప్పింది, నేను రాసినా." మౌలా జట్కా పోయిన మలుపు వైపు చూశాడు. "ఏడేళ్ల కింద రంగూన్ నించి పండక్కొచ్చి నీ చేతిలో రొట్టె పెట్టింది ఆమేనే. అది బిడ్డ పుట్టినాక ఇచ్చే రొట్టె కాదు మెహబూబీ, తనకు బిడ్డ కావాలని అప్పుడే పుచ్చుకున్న రొట్టె."