బాగుండగానే తీసేసిన నలభై

అమెరికాలోని నేపర్‌విల్‌లో డిసెంబరు సాయంత్రం ఐదుకే చీకటి పడింది. గుండెను ఆగకుండా కొట్టించే పేస్‌మేకర్లను పరీక్షించే ల్యాబ్‌లో రాగిణి ఒక్కతే ఉంది. అవి ఎన్నాళ్లకు ఆగిపోతాయో లెక్కగట్టి గ్రాఫ్ గీయడం ఆమె పని.

ఎక్కడా గబుక్కున పడిపోకుండా, గ్రాఫ్ అనుమానం వచ్చేంత నున్నగా వచ్చింది. వందలో నలభైని బాగుండగానే పరీక్ష నుంచి తీసేసినట్టు రికార్డులో రాసి ఉంది. ఆమె వాటి పెట్టె తెరిచి, ఒక్కొక్కదాన్నీ మీటరుకు తగిలించింది. ఒక్కటీ పలకలేదు. ప్రతిదాని మీదా అది ఎన్నో రోజున ఆగిందో పెన్సిల్‌తో వేసి ఉంది. అన్నీ ఎనభై ఎనిమిదో రోజుకీ తొంభై మూడో రోజుకీ మధ్యే. చేతిరాత ఆమె భర్త అనీష్‌ది.

"మా బ్యాచ్‌దే పెట్టించుకో, నేనే టెస్ట్ చేశా" అన్నది అతనే. ఈ బ్యాచ్‌దే ఒకటి ఆమె గుండెకు అమర్చి ఇవాళ్టికి తొంభై ఒక్క రోజులు.

ఫోన్ చేసింది. "అనీష్, ఆ నలభై నిజంగా బాగున్నాయా?"

అవతల కారు తాళాలు గలగలమన్నాయి.

"నీకు వేరే కంపెనీది పెట్టిస్తే ఆఫీస్‌లో డౌట్ వచ్చేది, రాగిణీ. ల్యాబ్‌లోనే ఉన్నావా? కదలకు. ఎవరికీ కాల్ చేయకు. నేనే వస్తున్నా."

ఆమె కుర్చీలో అలాగే ఉండిపోయింది. మనిషి కదలిక లేకపోతే ఆరిపోయే ఆ గది లైట్లు తలుపు వైపు నుంచి ఒక్కొక్కటిగా ఆరిపోసాగాయి.