అన్న ఇచ్చిన సమాధానం

"నాయన మదనపల్లె ఆస్పత్రిలో ఉండాడు పెదనాయనా. నీ దగ్గర సమాధానం కావాలంటాండాడు."

పాలు పితుకుతున్న గంగులప్ప చేతులు ఆగిపోయాయి. తల తిప్పి చూశాడు. కొట్టం గడప దగ్గర తమ్ముడు ఎల్లప్ప కూతురు సుధ నిలబడి ఉంది. మొదటి బస్సుకే వచ్చినట్టుంది, మొహం పీక్కుపోయి ఉంది.

"ఏం కావాలంటా?"

"సమాధానం. 'అన్న సమాధానం ఇస్తే చాలు, ఇంకేం వద్దు' అంటాండాడు. డాక్టర్లు ఆశ లేదనేసినారు. ఫోను చేస్తే నువ్వు ఎత్తవని నేనే వచ్చినా."

గంగులప్పకు చెవులు వేడెక్కాయి. తమ్ముడు దేనికి సమాధానం అడుగుతున్నాడో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లి పోయిన రోజు పాడెకు ఎల్లప్ప భుజం పెట్టబోతే, "చర్చిలో కలిసినోడివి, నువ్వు ముట్టగూడదు" అని చెయ్యి అడ్డం పెట్టింది తనే. "యాల అన్నా? ఆమె నాకూ అమ్మే గదా. యాల ముట్టగూడదో సెప్పు!" అని ఎల్లప్ప ఊరందరి ముందూ అడిగాడు. గంగులప్ప నోరు విప్పలేదు. అప్పుడు ఊరు దాటిన ఎల్లప్ప మళ్లీ ఇటు తొంగి చూడలేదు.

"ఆ పొద్దు నలుగురిలో నన్ను నిలబెట్టి అడిగింది చాల్లేదంటనా? సావబోతా గూడా అదేనా?"

"అట్లనొద్దు పెదనాయనా."

"నా దగ్గర సమాధానం లేదని సెప్పు పో."

సుధ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత మాట అనొద్దు. ఆయనకు ఇంక టయిం లేదు."

"లేదంటే లేదు. యాడ నుంచి తెచ్చి ఇచ్చేది?"

ఆ పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంటూ రోడ్డు వైపు నడిచింది.

కాఫీ గ్లాసుతో బయటికొచ్చిన హనుమక్క మొగుణ్ని, వెళ్లిపోతున్న సుధను మార్చి మార్చి చూసింది. "పిల్లను కాఫీ అన్నా తాగనీకుండా పంపిస్తివే! ఏమడిగిందని?"

"వాణ్ని పాడె యాల ముట్టనీలేదో సెప్పాలంట. ఏమని సెప్పేది? ఊరోళ్లు ఏమనుకుంటారో అని బయపడితినని సెప్పేదా? అదీ ఒక సమాధానమేనా?"

"అదే సెప్పు. నిజమే గదా. తమ్ముడి దగ్గర ఏం సిగ్గు?"

గంగులప్ప పాలచెంబు అక్కడే పెట్టేసి కొట్టం గోడకు చేరగిలబడ్డాడు. ఆ రోజంతా అంతే. ఆవులు పక్క చేలో పడితే పక్కింటి వాళ్లొచ్చి తోలిపెట్టారు. సాయంత్రం పాలు పోయడానికి కూడా హనుమక్కే వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, "పోయొస్తా" అన్నాడు. ఎక్కడికని హనుమక్క అడగలేదు.

చౌడేపల్లెలో ఎక్కి పుంగనూరులో బస్సు మారాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాట లోపల్లోపలే అనుకుంటూ పోయాడు. 'తప్పు నాదేరా ఎల్లా. ఊరికి బయపడినా. అంతకంటే ఏం లేదు.' టమోటా లారీలు అడ్డం పడి బస్సు ఆగినప్పుడల్లా ఆ మాట మొదటి నుంచి మళ్లీ అనుకున్నాడు.

ఆస్పత్రిలో ఎల్లప్ప మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. తెల్లవారుజామునే పోయాడని, చర్చికి తీసుకుపోయారని నర్సు చెప్పింది.

చర్చి కనుక్కుని వెళ్లేసరికి లోపల జనం నిండి ఉన్నారు. ముందర పెట్టెలో తెల్లబట్టల్లో ఎల్లప్ప. గంగులప్ప గోడవారగా నిలబడిపోయాడు. పాస్టరు చెబుతున్నాడు, "మన సహోదరుడు ఎల్లప్ప సమాధానంతో ప్రభువునందు నిద్రించినాడు."

గంగులప్ప ఉలిక్కిపడ్డాడు. ప్రార్థన ముగిసి సుధ తన దగ్గరికి రాగానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వాడికి సమాధానం ఎవురిచ్చినారమ్మా? వాడు అడిగినదానికి నేను జవాబు సెప్పనే లేదే."

"జవాబా?" సుధ తెల్లబోయింది. "జవాబు ఎవురడిగినారు పెదనాయనా? మా బైబిల్లో సమాధానమంటే శాంతి. కోపాలు ఇడిసిపెట్టి కలిసిపోయేది. నీతో కలిసిపోవాలన్నాడు నాయన. అంతే."

గంగులప్ప పక్కనున్న బెంచీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"అయితే నేను లేదని సెప్పి పంపించింది..."

"కలిసేది లేదన్నావనుకున్యా."

"వాడికి సెప్పేసినావా?"

సుధ తల అడ్డంగా ఊపింది. "నోరు రాలేదు. పెదనాయన సమాధానం ఇచ్చినాడని అబద్దం సెప్పినా."

గంగులప్ప గుండెల మీది నుంచి బండ దిగినట్టయింది. చేతులెత్తి ఆ పిల్లకు దండం పెట్టాడు.

"మంచి పని చేసినావు తల్లీ. వాడేమన్నాడు? సంతోషపడినాడా?"

"శానా సంతోషపడినాడు." సుధ తల దించుకుంది. "'అయితే అన్న ఈ పొద్దే వస్తాడు, ఇద్దరం ఒకే తట్టలో తింటాం' అని, పెట్టిన అన్నం ముట్టకుండా పానం పోయిందాకా వాకిలి దిక్కే సూస్తా పండుకున్యాడు."