బ్రేకు పట్టీ

సంచి మూతి విప్పగానే మెకానిక్కు చేతిలోని స్క్రూడ్రైవరు జారి కింద పడింది.

లోపల ఉన్నది చెట్లు కోసే పాత మిషను. ముందు పిడికి రాగితీగ చుట్టి ఉంది. అలా చుట్టేవాడు ఈ చుట్టుపక్కల తనొక్కడే.

"గుర్తుందాండీ?" అన్నాడు తెచ్చినవాడు.

మెకానిక్కు తలెత్తాడు. వచ్చినవాడి చెవి కింద మొదలైన కుట్ల గీత మెడ మీదుగా చొక్కాలోకి దిగిపోయింది. కుడిచెయ్యి ఊరికే వేలాడుతోంది.



"రోజూ ఎన్నో వస్తుంటాయి నాయనా. ఏదని గుర్తుపెట్టుకోను?"

అతను గోడవైపు చూశాడు. అక్కడ వేలాడుతున్న మిషన్లన్నిటి పిడులకూ అదే రాగితీగ. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

వానలకు ముందు ఒక వార్త వచ్చింది. కలప కొట్టేచోట మిషను ఎదురు తన్ని ఎవరి మెడకో తగిలిందని, విచారణకు ఆఫీసరు జీపులో వచ్చాడని. ఆ మనిషి బతికాడా లేదా అని మెకానిక్కు ఎవరినీ అడగలేదు. అడిగితే అది ఏ మిషనో కూడా చెప్తారని భయం. అప్పట్నుంచీ వీధిలో జీపు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

మిషను ఎదురు తన్నినప్పుడు కోసే గొలుసును ఠక్కున ఆపేది లోపలుండే ఉక్కు పట్టీ. ఈ మిషనులో అది అరిగిపోయింది. ఇంత పాతదానికి కొత్త పట్టీ దొరకదు. పని మొదలైపోతోందని కూలీల మేస్త్రీ తొందరపెట్టాడు. మెకానిక్కు ఆ పట్టీ తీసేసి, దాన్ని బిగించే పై అడ్డురేకును మాత్రం తళతళలాడేలా తుడిచి ఇచ్చేశాడు. రేకు నొక్కితే టక్కుమంటుంది. గొలుసు ఆగదు.

"మేస్త్రీ దీన్ని నాకే ఇచ్చేశాడు," అన్నాడు అతను. "పక్క మూత విప్పి చూశాను. లోపల పట్టీ లేదు."

"నేను వేసే ఇచ్చాను." మెకానిక్కుకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తర్వాత ఎవరో పీకేసి ఉంటారు."

అతను కాసేపు మెకానిక్కు కళ్లలోకి చూశాడు.

"అంతే అయ్యుంటుంది లెండి."

తిట్టినా అంత భయం వేసేది కాదు.

"ఇప్పుడు నీకేం కావాలి?"

"పట్టీ వేసివ్వండి. నా చెయ్యి ఇక లేవదు. రేపట్నుంచి మా తమ్ముడు పట్టుకుంటాడు దీన్ని. కొత్త పెళ్లికొడుకు. భయమంటే ఏమిటో తెలీదు వాడికి. వాడి వాటా భయం కూడా నేనే పడుతున్నాను."

నవ్వాడు. నవ్వితే కుట్లు ముడుచుకున్నాయి.

పట్టీ వేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, అనుకున్నాడు మెకానిక్కు. రేపు దాన్నే సాక్ష్యంగా చూపిస్తాడు. ఇదంతా వల.

"పట్టీ దొరకదు. తీసుకెళ్లిపో."

అతని చూపు గోడ మీద ఒకచోట ఆగింది. అచ్చం అలాంటి మిషనే ఇంకొకటి ఉందక్కడ. పని నేర్పిన గురువు ఇచ్చి పోయినది. మెకానిక్కు దాన్ని అమ్మడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు.

"దాంట్లో ఉంటుందేమోనండీ..."

"అది విప్పేది లేదు! వెళ్తావా, నలుగుర్నీ పిలవమంటావా?"

అతను లేచాడు. ఎడంచేత్తో సంచి మూతి కట్టబోయాడు. కుదరలేదు. పళ్లతో లాగి ముడి బిగించాడు.

గుమ్మం దాటి, వెనక్కి తిరిగాడు.

మెకానిక్కు పానా గట్టిగా పట్టుకున్నాడు.

"మీ స్క్రూడ్రైవరు బల్ల కిందికి దొర్లింది. చూసుకోండి," అని వెళ్లిపోయాడు.

కేకలు విని లోపల్నుంచి భార్య వచ్చింది.

"మీద మీదకొచ్చాడా?"

"లేదు."

"కొడతానన్నాడా?"

"లేదు."

"మరెందుకండీ ఆ వణుకు? పానా చూడండి, బల్ల మీద తాళం వేస్తోంది."

నేల చూపులు చూస్తూ అంతా చెప్పాడు.

ఆమె కోప్పడలేదు. స్టూలెక్కి గురువుగారి మిషను దించి అతని ముందు పెట్టింది.

"కేసు పెడితేనో?" అన్నాడు.

"పెట్టనివ్వండి. జైల్లోనైనా కునుకు పడుతుంది. ఆ పిల్లాడికేమన్నా అయితే మన మంచం మీద కూడా పట్టదు."

పొద్దున్నే ఆ పట్టీని గుడ్డలో చుట్టుకుని కూలీల షెడ్డుకు బయల్దేరాడు. నేనే తీశాను, నేనే తీశాను అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు. అయినా షెడ్డు కనబడగానే గొణుగుడు ఆగిపోయింది.

మేస్త్రీ టీ ఊదుకుంటున్నాడు.

"ఆ అన్నదమ్ములా? తెల్లారకముందే లారీ ఎక్కేశారు బాబాయ్. ఎక్కడో దూరం కొండల్లో పనట. ఏ కొండలో నేనడగలేదు."

"మరి మిషను?"

"తమ్ముడి భుజాన ఉంది. ఏం, ఏమిటి పని?"

మెకానిక్కు గుడ్డ విప్పాడు. ఇన్నాళ్లూ మింగిన మాట నోటిదాకా వచ్చింది.

"దాంట్లో బ్రేకు పట్టీ తీసింది..."

"తెలుసులే బాబాయ్, అందరికీ తెలుసు," అన్నాడు మేస్త్రీ గ్లాసు పక్కన పెడుతూ. "మెడకు కట్టుతోనే వచ్చి ఆఫీసరు ముందు ఆ పెద్దాడే ఒప్పుకున్నాడుగా, 'మెకానిక్కు వేసే ఇచ్చాడండీ, బ్రేకు మాటిమాటికీ పడుతోందని నేనే పీకేశాను' అని!"