నాన్న గది లేని పటం

“ఇందులో నా గది ఏది?” అన్నాడు తండ్రి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి తెరలోకి చూస్తూ.

“లేదు నాన్నా. తీసేశాను,” అంది కూతురు.

రక్తపరీక్షల ల్యాబ్ వెనక గదిలో ఉన్నది ముగ్గురే. ల్యాబ్ యజమాని తండ్రి, కంప్యూటర్ ముందు కూతురు, తలుపు దగ్గర బాబాయి. బాబాయి అక్కడ పెద్ద టెక్నీషియన్. అన్నకూ అన్న కూతురికీ మాటామాటా పెరిగినప్పుడల్లా ఆయనకు ఏదో అర్జంటు పని గుర్తొస్తుంది. ఇవాళ ఆ ఆటలు సాగలేదు. తండ్రి మధ్యలో లేచిపోకుండా తలుపుకు అడ్డంగా నిలబడమని ఆయనకు ముందే చెప్పి పెట్టింది కూతురు.

తాడో పేడో ఇవాళే తేలాలని ఆమె పట్టు. ఆరు బ్రాంచీల రిపోర్టులూ పక్క గదిలోని సర్వర్ నుంచే వెళ్తాయి. ఆ గది తాళంచెవి తండ్రి జేబు దాటి బయటికి రాదు. మొన్న ఆయన ఊళ్లో లేని రోజున సర్వర్ ఆగిపోయింది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు సిద్ధం చేసిన మనిషిని, రిపోర్టు రాక, నాలుగు గంటలు అలాగే పడుకోబెట్టారు. ఆ సాయంత్రమే ఆమె కంప్యూటర్‌లో ఖాళీ తెర తెరిచి, అంతా క్లౌడ్‌లో, ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్ల మీద నడిచేలా కొత్త ఏర్పాటు మొదటి నుంచి గీయడం మొదలుపెట్టింది. ఒక్కో పనికి ఒక్కో పెట్టె. పెట్టెను మౌస్‌తో లాగి పెట్టడం, దాని నుంచి ఇంకోదానికి గీత కలపడం. సవ్యంగా ఉన్న గీత పచ్చగా కనిపిస్తుంది. చివర్లో ఒక్క బటన్ నొక్కితే చాలు, గీసినదంతా నిజంగా పనిలోకి దిగుతుంది.

తండ్రి ససేమిరా అన్నాడు. ఇరవై రెండేళ్లుగా తన కంటపడకుండా ఒక్క రిపోర్టూ గడప దాటలేదన్నాడు. ఒక్కటైనా తప్పు పోయిందేమో చూపించమన్నాడు. కనీసం మధ్యలో తన సర్వర్ గదిని ఓ పెట్టెగా పెట్టి, గీతలన్నీ అందులోంచే పోనివ్వమన్నాడు.

“పెట్టను,” అంది కూతురు. “పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.”

చిన్న పెట్టే కదమ్మా, పెడితే నీ సొమ్మేం పోయిందంటూ బాబాయి గొణిగాడు. ఆమె చూసిన చూపుకు మళ్లీ తలుపుకు ఆనుకున్నాడు.

“అంటే నేను లేకపోయినా ఇదంతా నడుస్తుందంటావు,” అన్నాడు తండ్రి.

“నడవాలి నాన్నా. నువ్వనే కాదు, ఎవరు లేకపోయినా నడవాలి. ఒక్క మనిషి పక్కకు తప్పుకుంటే ఆగిపోయే ల్యాబ్‌ను నమ్మి జనం రక్తం ఎందుకివ్వాలి?”

తండ్రి మొహం చిన్నబోయింది. ఆమె అది గమనించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. లేచి, తన కుర్చీ ఆయన వైపు జరిపింది.

“నా మీద నమ్మకం లేకపోతే నువ్వే నొక్కి చూడు. నొక్కిన పెట్టె పాడైపోయినట్టు లెక్క. దానివల్ల ఏది ఆగినా ఎర్రబడుతుంది. ఒక్క రిపోర్టు ఆగినా ఇదంతా చెరిపేసి, నీ గది నువ్వు చెప్పిన చోటే పెడతాను.”

“మాట మీద ఉంటావా?”

“నీ కూతుర్ని.”

తండ్రి కూర్చున్నాడు. మౌస్‌ను కూడా సూదిని పట్టుకున్నట్టు వేళ్ల కొసలతోనే పట్టుకుంటాడాయన. రిపోర్టులు దాచే పెట్టె మీద నొక్కాడు. అది నల్లబడింది. గీతలు క్షణంలో పక్క పెట్టెకు మళ్లాయి, పచ్చగానే ఉన్నాయి. దాన్ని బతికించి ఇంకోటి నొక్కాడు. అదీ అంతే. బాబాయి తలుపు సంగతి మర్చిపోయి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఇది చూడు అన్నయ్యా, అది నొక్కు అన్నయ్యా అంటూ వేలు పెట్టి చూపించసాగాడు. పదకొండు పెట్టెలయ్యాయి. ఎక్కడా ఎరుపు జాడ లేదు.

కూతురు చేతులు కట్టుకుని నిలబడింది. గెలిచానని ఆమెకు తెలుసు. నాన్న కూడా ఒప్పేసుకుంటే ఇంకా బాగుండుననిపించింది. కాసేపు చూసి, బటన్ నొక్కడానికి వంగింది.

“ఆగు,” అన్నాడు తండ్రి. “పైన మూలన ఈ బుల్లి పెట్టె ఏమిటి? దీన్నుంచి అన్నిటికీ సన్నటి గీతలున్నాయి.”

“అది అనుమతులిచ్చే ఖాతా. ఏ పెట్టె పని చేయాలన్నా ముందు దాన్ని అడగాలి. అదెక్కడికీ పోదు, వదిలెయ్.”

“ఎవరు లేకపోయినా నడవాలన్నావుగా,” అంటూ తండ్రి దాని మీద నొక్కాడు.

తెర మొత్తం ఎర్రబడింది. పటంలోని ఆరు బ్రాంచీలూ ఒక్కసారే ఆగిపోయాయి. బాబాయి కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

“అన్నిటికీ అనుమతి ఇచ్చే ఆ ఒక్క మనిషి ఎవరమ్మా?” అని అడిగాడు తండ్రి.

కూతురు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“నేనే నాన్నా.”