సూద్దాం తీ

ఇప్పుడు ఊళ్లలో సభలు జరగడం లేదు. సర్కారు పెట్టిన మాట్లాడే యంత్రమే ఇంటింటినీ పలకరించి, అభిప్రాయాలడిగి, తీర్మానాలు కూడా అదే రాసేస్తుంది. మా ఊరు మొండిది, శుక్రవారం సభను వదల్లేదు.

"అంగడిని ఊరవతలికి మార్చమంటారా అని అడిగాను. అందరూ 'సూద్దాం తీ' అన్నారు. కనుక మారుస్తున్నాం," అని ఒక సభలో యంత్రం ప్రకటించింది.

కూరగాయలమ్మే బాలవ్వ పకపకా నవ్వింది. "సూద్దాం తీ అంటే వద్దని, బిడ్డా! మొకమ్మీద కాదంటే నొచ్చుకుంటరని గట్లంటం."

ఊరంతా అవునంటూ చేతులెత్తింది. అంగడి కదల్లేదు. ఆనాటి నుంచి యంత్రం ప్రతి శుక్రవారం సభకొచ్చి, నోరెత్తకుండా వింటోంది.

మొన్న జిల్లా అధికారి దాన్ని అడిగాడు: "మీ ఊరి సభను కూడా ఇక రద్దు చేద్దామా?"

యంత్రం మెల్లగా అంది: "సూద్దాం తీ, సార్."