చిగురు కింద సిమెంటు

ఆ పళ్ల డాక్టరు చేతివేగం గురించి వింతగా చెప్పుకునేవారు. పేషెంటు మొదలుపెట్టిన ఆవులింత ముగిసేలోపు పన్ను కట్టేసేవాడట.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది సాక్షాత్తూ అతని అత్తగారు.

ఆవిడ ముందుపన్ను పోయిన చోట, దవడ ఎముకలో నాలుగు నెలల కిందటే ఇంప్లాంటు మర నాటాడు. ఇక దానిమీద పన్ను తొడుగు అతికిస్తే పని పూర్తి.

ఆ తొడుగును ల్యాబు నుంచి ఒక పెద్దాయన డబ్బాలో తెచ్చాడు. ఈమధ్యే రావడం మొదలుపెట్టిన మనిషి. డబ్బా ఇచ్చి వెళ్లక, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“డాక్టరుగారూ, అతికించే సిమెంటు ఆవగింజంత చాలండి. ఎక్కువైతే చిగురు కిందికి జారుతుంది.”

డాక్టరు చెయ్యి ఆగింది.

“డబ్బా ఇవ్వడానికొచ్చావా, పాఠం చెప్పడానికొచ్చావా?”

“అతికించాక ఒక్క ఎక్స్‌రే తీయండి. కింద మిగిలింది కంటికి కనబడదు.”

అత్తగారు నోట్లో దూది పక్కకు నెట్టింది.

“ఎవరు నాయనా ఈయన? మీ మామగారికంటే ఎక్కువ సణుగుతున్నాడు!”

నర్సు కిసుక్కున నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

“అమ్మా, మీరైనా అడగండి.”

డాక్టరుకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడు ల్యాబుకు ఫోన్ చేశాడు.

“రేపట్నుంచి ఈ మనిషి నా గుమ్మం తొక్కకూడదు.”

తొడుగు నిండా సిమెంటు నింపి అదిమేశాడు. పైకి ఉబికినదాన్ని తుడిచాడు. ఎక్స్‌రే తీయలేదు.

అత్తగారు ఆ పన్ను కనబడాలని కారణం లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా నవ్వేసిందని గిట్టనివాళ్లు అంటారు.

ఏడాది తిరిగేసరికి చిగురు వాచింది. నొక్కితే చీము.

ఎక్స్‌రేలో చిగురు కింద గడ్డకట్టిన సిమెంటు ముక్క, దాని చుట్టూ కరిగిపోయిన ఎముక. వేళ్లతో పట్టుకోగానే మర ఊడి వచ్చేసింది.

“మళ్లీ పెట్టవా నాయనా?”

“నాటడానికి ఎముక మిగల్లేదు అత్తయ్యా.”

“మా అల్లుడి చేతిపని అని అందరికీ నోరు తెరిచి చూపించాను. ఇక మూసుకుని తిరగమంటావా?”

అతడు పక్క గదిలోకి వెళ్లి ల్యాబు యజమానికి ఫోన్ చేశాడు.

“సిమెంటు గురించి మీ పెద్దాయన చెప్పిందే జరిగిందండీ. ఒకసారి పంపించండి. క్షమించమని అడగాలి.”

“లేరు సార్. మీరు వద్దన్న రోజే మానేశారు. పోయిన నెల కాలం చేశారు.”

డాక్టరు గొంతు తగ్గింది.

“అలాంటి పనిమంతుడు మీకెక్కడ దొరికాడు?”

“మా మనిషి కాదు సార్. తనే వచ్చి, ఆర్నెల్లు పక్కన కూర్చుని పని చూశారు. తర్వాత మీ డబ్బాలు మాత్రమే మోస్తానన్నారు. జీతం కూడా వద్దన్నారు.”

“నా డబ్బాలే ఎందుకు?”



“మీరు మునుపు ఒకావిడకు కట్టిన పన్ను ఇలాగే ఊడి వస్తే, నోరు శుభ్రం చేసుకోవడం చేతకాదని నలుగురిలో కసిరి పంపారే సార్, ఆవిడ భర్త ఆయన.”